టైరు స్వయంగా హాజరు కావలెను

మేళం ముసలయ్య కారుకి కొత్త టైర్లు కావలసి వచ్చాయి. మామూలు రోజుల్లో మామూలు కారుకైతే ఇదేమంత కథ కాదు. దుకాణానికి వెళ్ళి, బేరమాడి, వేయించుకుని ఇంటికొచ్చి భోంచేస్తాడు మనిషి. కానీ ముసలయ్య కారు మామూలు కారు కాదు, అవి మామూలు రోజులూ కావు. సరిగ్గా ఆ ఏడాదే ప్రభుత్వానికి టైర్ల ఆయుష్షు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ముందు కారు సంగతి చెప్పాలి. ముసలయ్యది సన్నాయి ఇల్లు. ముసలయ్య సన్నాయి పడితే తమ్ముడు గవరయ్య డోలు వాయిస్తాడు. కొడుకులిద్దరూ, అల్లుడూ, బావమరిదీ తలొకటీ అందుకుంటారు. భార్య వీరలక్ష్మి శ్రుతిపెట్టె వేస్తుంది. ఓసారి రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన తన కూతురి పెళ్ళిలో ముసలయ్య వాయించిన రాగానికి కరిగిపోయి, "శాలువా కప్పితే చలికాలంలో తప్ప దేనికి పనికొస్తుందయ్యా!" అంటూ, తను వాడి వదిలేసిన పెద్ద విదేశీ కారు తాళాలు ముసలయ్య చేతిలో పెట్టాడు. ఇంటిల్లిపాదీ వాయిద్యాలతో సహా పట్టే కారు. ఊరంతా నోరెళ్ళబెట్టింది. వీరలక్ష్మి మాత్రం, "కారిచ్చారు, సంతోషమే. నలుగురిలో ఆయన బుజాల మీద ఓ శాలువా కూడా కప్పితే వారి సొమ్మేం పోయింది?" అని ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది. అన్నేళ్ళుగా ఇతరుల పెళ్ళిళ్ళలో వాయించాడు గానీ, ముసలయ్యకి ఒక్కళ్ళూ శాలువా కప్పలేదు మరి.

ఆ కారు టైర్లు కూడా విదేశీ తెలివివే. మేకు దిగి గాలంతా పోయినా వాటి పక్కగోడలు గట్టిగా నిలబడి బండిని మోస్తాయి. ఆగిపోవు. మెల్లగానైనా చేరవలసిన ఊరు చేరుస్తాయి. అందుకే కారులో స్టెపినీ లేదు, పెట్టుకునే చోటూ లేదు. ఉన్న చోటంతా గవరయ్య డోలుది.

ఇప్పుడా టైర్లు అరిగి అరిగి నున్నబడ్డాయి. వాన పడితే కారు కాలవగట్టు మీద తన ఇష్టం వచ్చినట్టు జారుతోంది. ముసలయ్యకి దిగులు పట్టుకుంది. తాళి కట్టే వేళకి మేళం లేదన్న మాట తండ్రినాడు గానీ తాతనాడు గానీ ఆ ఇంటి మీద పడలేదు. తండ్రి ఒళ్ళు కాలే జ్వరంలో దుప్పటి కప్పుకుని వెళ్ళి వాయించొచ్చాడు. అలాంటి మాట తన హయాంలో టైర్ల మూలంగా పడుతుందేమోనని ఆయనకి అన్నం సయించడం లేదు.

ఇంటిల్లిపాదీ కలిసి పోలిశెట్టి టైర్ల దుకాణానికి వెళ్ళారు.

"మూడు దార్లున్నాయి బాబాయ్," అన్నాడు పోలిశెట్టి. "ఒకటి, మళ్ళీ ఇలాంటియ్యే ఎయ్యడం. గుంటలో పడితే నడుం కదిలిపోద్ది గానీ, మేకు దిగినా పెళ్ళిలో దింపుద్ది. రెండోది, మామూలు టైర్లు. మెత్తగా పోద్ది. కానీ దార్లో గాలిపోతే స్టెపినీ కావాలి గదా, అదెక్కడెడతావ్? డోలు నెత్తినెట్టుకుంటావా? మూడోది, రెండియ్యి, రెండయ్యి. ఆ పని మాత్రం సెయ్యకు. బండి నీ మాటినదు."

గవరయ్య మెత్తటి టైర్ల వైపు మొగ్గాడు. "అన్నయ్యా, డోలు ఒళ్ళో ఎట్టుకునే కూచుంటాను. నడుం పోతంది."

"నడుం పోతే కాపడం ఎడతాను మరిదిగారూ," అంది వీరలక్ష్మి. "పోయిన ముహూర్తానికి ఏ కాపడం ఎడతాం?"

అంతటితో చర్చ ముగిసింది. గాలి పోయినా నడిచేవే కావాలన్నారు. పోలిశెట్టి టైర్లు దించలేదు. రెండు చేతులూ జోడించాడు.

"పాత టైర్లు సచ్చిపోయినట్టు కాయితం తెచ్చావా బాబాయ్? అది లేకుండా కొత్తది అమ్మితే నా కొట్టుకి తాళం ఎట్టేత్తారు."

అప్పుడు తెలిసింది ముసలయ్యకి, చక్రాయుష్షు పరిరక్షణ సంస్థ సంగతి.

ఆ సంస్థ పుట్టుకకి కారణం పొదుపు. బతికున్న టైర్లని జనం నిర్దయగా పారేస్తున్నారనీ, జాతి సంపద చెత్తకుప్పల పాలవుతోందనీ పైనున్నవాళ్ళెవరికో తోచింది. 'ప్రతి టైరుకూ పూర్ణాయుష్షు' అని గోడలన్నిటి మీదా రాయించారు. పిల్లల చేత టైర్లు దొర్లిస్తూ ఊరేగింపులు తీయించారు. పాత టైరు మరణించిందని సంస్థవారు నిర్ధారిస్తేనే కొత్తది కొనుక్కోవాలి. మొదట్లో జనం చచ్చిన టైరుని సైకిలుకి తగిలించుకొచ్చి చూపించేవారు. తీరా విచారిస్తే, ఒకే ఒక్క చచ్చిన టైరు అద్దె మీద ఊరందరి తరఫునా హాజరవుతున్నట్టు తేలింది. దాంతో నిబంధన బిగించారు. పింఛనుదారులు ఏటేటా బతికే ఉన్నామని స్వయంగా వచ్చి చూపించుకున్నట్టు, టైరు కూడా చచ్చిపోయానని తన సొంత బండితో స్వయంగా వచ్చి చూపించుకోవాలి. మామూలు కార్లవాళ్ళకి దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. కార్యాలయం గేటు దగ్గరే మేకులమ్మేవాళ్ళు వెలిశారు. గేటు దాకా నడుపుకొచ్చి, అక్కడ మేకు దించి, లోపలికి తోయించుకుంటున్నారు.

ముసలయ్య కూడా వెళ్ళాడు. అక్కడి పెద్ద అధికారి పూర్ణచంద్రరావుగారు. ఆయన హోదా పేరు చక్రాయుర్నిర్ధారణాధికారి. ఆ పేరు పలకలేక జవాన్లు 'పెద్దయ్యగారు' అంటారు. ఆయన లంచం ముట్టడు, సెలవు పెట్టడు, నిబంధన తప్పడు. ఈ మూడు గుణాలూ ఒక్కడిలో ఉంటే జనం ఎంత అవస్థ పడతారో ఆ జిల్లావాళ్ళని అడగాలి.

ఆయన వంగి టైరుని అరచేత్తో నిమిరాడు.

"నున్నగా ఉన్న మాట వాస్తవం. అయితే నున్నదనం వార్ధక్య లక్షణమే తప్ప మరణ లక్షణం కాదు. నా తలా నున్నగానే ఉంది. నేను విధులు నిర్వర్తించడం లేదా?"

"ఆయ్, బెమ్మాండంగా నిర్వర్తిత్తన్నారండి," అన్నాడు ముసలయ్య.

"తమరి విన్నపం పరిశీలనార్హమే గానీ పరిష్కారార్హం కాదు." పెద్దయ్యగారు లేచి కళ్ళజోడు సవరించుకుని మనిషిని తేరిపార చూశాడు. "ఉండండి. మా అమ్మాయి పెళ్ళికి మేళం మాట్లాడింది తమరితోనే కదూ?"

ముసలయ్య మొహం వెలిగింది. "మాతోనేనండి. పక్కనున్న మండపంలోనే గదండి పెళ్ళి."

"అయితే తమరి విషయంలో నేను మరింత కఠినంగా ఉండవలసి వస్తుంది," అన్నాడు పూర్ణచంద్రరావు విచారంగా. "స్వంత ఇంటి శుభకార్యం కోసం నిబంధన సడలించాడన్న అపవాదు నాకు రాకూడదు."

వెలిగిన మొహం ఆరిపోయింది. ముసలయ్య అవే నున్నటి టైర్ల మీద ఇంటికొచ్చాడు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. పట్టపగటి ముహూర్తం. పొద్దున్నే ఏడుగురూ తలకి సంపెంగ నూనె రాసుకుని, జరీ కండువాలు వేసుకుని బయల్దేరారు. కాలవగట్టు మీద ఉండగా కారు ముందు అద్దం కింద ఎర్రదీపం వెలిగింది. వీరలక్ష్మి దానికి దణ్ణం పెట్టింది. బండి నడుపుతున్న పెద్దకొడుకు దిగి చూశాడు. ముందు టైరులో వేలెడు మేకు. గాలి చుక్క లేదు.

ముసలయ్యకి ఏడుపు రావలసింది పోయి నవ్వొచ్చింది. "దేవుడున్నాడే! దానంతటదే పోయింది. మండపం పక్కనే ఆపీసు. చూపించేసి, కాయితం పుచ్చుకుని, పెళ్ళికెళ్ళిపోదాం."

"ముందు పెళ్ళి కానియ్యండి. మేళం దింపేసి అప్పుడెళ్దురు గాని," అంది వీరలక్ష్మి.

"పెళ్ళయ్యాక ఆయన అప్పగింతలనీ సత్తెన్నారాయణ వ్రతమనీ ఎన్నాళ్ళకి దొరుకుతాడో! బోల్డంత టైముంది."

భార్య మాట వింటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ముసలయ్య వినలేదు.

గాలిలేని టైరుతోనే కారు నింపాదిగా కార్యాలయం ఆవరణలోకి వచ్చి నిలబడింది. పెద్దయ్యగారు కూతురి పెళ్ళినాడు కూడా కార్యాలయంలోనే ఉన్నాడు. పట్టుపంచె, పాదాలకి పసుపు, పైన ఆఫీసు కోటు. కన్యాదానం వేళ దాకా సంతకాలు చేసి, గోడ పక్కనున్న మండపానికి వెళ్ళాలని ఆయన ఏర్పాటు. సెలవు రికార్డు చెడకూడదు కదా. ఆయన వంగి, టైరు నొక్కి, చెవి ఆనించి విన్నాడు.

"గాలి లేదు. అంగీకరిస్తున్నాను."

"ఆయ్," అన్నాడు ముసలయ్య ఆశగా.

"ఇక్కడికెలా వచ్చారు?"

"కారులోనేనండి."

"కారు దేని మీద వచ్చింది?"

"ఈ టైర్ల మీదేనండి."

"చచ్చిన టైరు రాగలదా?"

"సచ్చినా వచ్చేదేనండి ఇది! దీని గొప్పదనమే అదండి!"

"అంటే ఇంకా చావలేదన్నమాట," అన్నాడు పూర్ణచంద్రరావు.

ముసలయ్య తల గోక్కున్నాడు. "మరి రాలేకపోయిందనుకోండి?"

"గైర్హాజరు. గైర్హాజరైన టైరు గురించి ఈ కార్యాలయానికి ఏ అభిప్రాయమూ ఉండదు."

"ఇంకో బండికి కట్టి ఈడ్పించుకొత్తేనండి?"

"పరాయి చక్రాల మీద వచ్చినది హాజరు కింద రాదు. అద్దె టైరు వ్యవహారం తరవాత మేము చాలా అప్రమత్తంగా ఉన్నాం." పెద్దయ్యగారు నిర్దయుడు కాదు, అదే అసలు చిక్కు. "తమరి కష్టం చూస్తే జాలి వేస్తోంది. ఒక మార్గం ఉంది. అంత్యకాల పరిశీలన. టైరుకి మిగిలి ఉన్న ఆయుష్షు మా సమక్షంలో, మా ఆవరణలోనే పూర్తి కావాలి. అప్పుడది హాజరయ్యీ ఉంటుంది, మరణించీ ఉంటుంది. ఆవరణ చుట్టూ తిరుగుతూ ఉండండి."

"ఎంతసేపండి?"

"అది టైరు ఇష్టం."

"మరి ముహూర్తమండి?"

"అది ఈ శాఖ పరిధిలోకి రాదు."

ముసలయ్య వద్దనేలోపే సూపరింటెండెంటు దక్షిణామూర్తి ఈల ఊదాడు. పరిశీలన ప్రారంభమైపోయింది. ప్రారంభమయ్యాక గేటు తాళం వేసి ఉండాలి. బరువు మారితే టైరుకి అన్యాయం జరుగుతుంది గనక ఎవరూ దిగకూడదు, సన్నాయి కూడా దిగకూడదు. తాళంచెవి పెద్దయ్యగారు పట్టుపంచె మొలలో దోపుకుని, పక్క గుమ్మంలోంచి కన్యాదానానికి వెళ్ళిపోయాడు. దక్షిణామూర్తి చెట్టునీడన కుర్చీ వేసుకుని, ఈల నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కారు తిరగడం మొదలుపెట్టింది. కొత్తలో సరదాగానే ఉంది. మేకులవాళ్ళు గేటు ఊచల్లోంచి చూస్తూ ఈలలు వేశారు. ఒకావిడ ఇదేదో దేవుడి కార్యం అనుకుని కొబ్బరికాయ కొట్టింది. ఎన్ని చుట్లు తిరిగినా టైరు చావలేదు. విదేశీ టైరు, నమ్మకంగా తయారుచేసిన టైరు, గాలి లేకపోయినా గుట్టుగా తన పని తాను చేసుకుపోతోంది. ఆ నమ్మకమే ముసలయ్య కొంప ముంచుతోంది.

గోడ అవతల మంత్రాలు వినిపిస్తున్నాయి. జీలకర్ర బెల్లం పెట్టించేస్తున్నారు. నాన్న దుప్పటి కప్పుకుని వెళ్ళి వాయించిన ఇంట్లో పుట్టి, కూతవేటు దూరంలో ముహూర్తం పెట్టుకుని, ముసలయ్య గానుగెద్దులా తిరుగుతున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడిత్తే ఏటొత్తాది? వాయించండి," అంది వీరలక్ష్మి, శ్రుతిపెట్టె ఒళ్ళోకి లాక్కుంటూ. "గోడకి సెవుల్లేవేటి? ఆళ్ళకి ఇనపడకపోద్దా!"

కిటికీ అద్దాలు దించారు. ముసలయ్య సన్నాయి బయటికి పెట్టి ఊదాడు. గవరయ్య డోలు అందుకున్నాడు. మండపంలో జనం, 'అమ్మయ్య, మేళం వచ్చింది' అనుకున్నారు. అయితే ఆ మేళం ఒకచోట నిలవదు. కారు మండపం గోడ పక్కకొచ్చినప్పుడు చెవులు మారుమోగుతుంది. అటువైపు తిరిగేసరికి పక్క ఊళ్ళో ఎవరిదో పెళ్ళి జరుగుతున్నట్టు సన్నగిల్లిపోతుంది. పురోహితుడు వేలెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అనేసరికి మేళం మెత్తబడిపోతోంది. ఆయన వేలు దించేసరికి విరుచుకుపడుతోంది. పెళ్ళికొడుకు చేతిలో తాళి పట్టుకుని కూర్చునీ లేచీ, లేచీ కూర్చునీ అలసిపోయాడు.

అప్పుడు పెళ్ళికొడుకు తండ్రి గొంతు సవరించుకున్నాడు. ఆయన ఆడిట్‌లో చేసి రిటైరైన మనిషి.

"బావగారూ, మేళం వినిపించిన మాట వాస్తవం. కాదనను. కానీ హాజరేదీ? మేళం స్వయంగా హాజరు కాని పెళ్ళికి మా వంశంలో తాళి కట్టలేదు."

జీవితంలో మొదటిసారి పూర్ణచంద్రరావుకి తన మాటే ఎదురొచ్చింది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గడియారం చూపిస్తున్నాడు. పీటల మీద కూతురు తలవంచుకుని ఉంది, కళ్ళలోంచి నీళ్ళు ఒళ్ళో పడుతున్నాయి. ఆయన పట్టుపంచె ఎగ్గట్టి గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. మొలలో తాళంచెవి తీశాడు. తాళం దాకా తీసుకెళ్ళాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"టైరు... కాలం చేసిందా?" అన్నాడు ఆశగా.

"లేదండయ్యా. నిక్షేపంగా ఉంది," అన్నాడు దక్షిణామూర్తి.

ముసలయ్య కిటికీలోంచి వంగి రెండు చేతులూ జోడించాడు. "తాళం తియ్యండి బాబుగారూ! పిల్ల ముహూర్తం దాటిపోద్ది. టైర్లూ వద్దు, కాయితమూ వద్దు. నా అర్జీ నేను వెనక్కి తీసుకుంటన్నాను."

"ఎలా తీసుకుంటారు?" అన్నాడు పూర్ణచంద్రరావు. "అర్జీదారు తమరు కారు. టైరు."

అందరూ టైరు వైపు చూశారు. అది మాట్లాడలేదు.

మండపంలోంచి పురోహితుడు కేకేశాడు. ఆ కేకకి పెద్దయ్యగారి లోపల ఏదో కదిలింది. తండ్రి కదిలాడు అనుకునేరు. కదిలింది అధికారే.

"రాసుకోవయ్యా దక్షిణామూర్తీ! ప్రజాప్రయోజనం దృష్ట్యా, ప్రక్కనున్న కల్యాణమండపాన్ని ఈ పూటకి కార్యాలయ ఆవరణలో అంతర్భాగంగా పరిగణించడమైనది. పరిశీలనలో ఉన్న చక్రం అంతర్భాగమంతటా సంచరించవచ్చును!"

తాళం తీశారు. గాలిలేని టైరుతో కారు గేటు దాటి, మేకులవాళ్ళని దాటి, అరటిబోదెల ద్వారంలోంచి పెళ్ళిపందిట్లోకి దూరింది. జనం కుర్చీలు ఎత్తుకుని గోడలకి అతుక్కుపోయారు. ఆగితే పరిశీలన మొదటికొస్తుంది గనక కారు ఆగలేదు. పెళ్ళిపీటల చుట్టూ నెమ్మదిగా ప్రదక్షిణం చేస్తోంది. వెనకాల దక్షిణామూర్తి ఈల పట్టుకుని నడుస్తున్నాడు. పురోహితుడు వేలెత్తాడు. ఏడుగురూ కిటికీల్లోంచి సగం బయటికొచ్చి, ప్రాణమంతా పెట్టి వాయించారు. గవరయ్యకి నడుం సంగతే గుర్తులేదు. ముసలయ్య బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నా ఊపిరి తప్పనివ్వలేదు. పెళ్ళికూతురు తలెత్తి చూసి, ఏడుపులోనే ఫక్కుమని నవ్వింది. ఆ నవ్వు నడుస్తుండగానే తాళి పడింది.

పెళ్ళికొడుకు తండ్రి కారుని చూసి, మేళాన్ని చూసి, తృప్తిగా తల పంకించాడు. "హాజరు," అన్నాడు.

అక్షింతలు పడ్డాక పెద్దయ్యగారు కారు ఆపించాడు. ఇప్పుడాయన మొహం ప్రశాంతంగా ఉంది. మైకు అందుకున్నాడు.

"సభకు నమస్కారం. గాలి బొత్తిగా లేని స్థితిలో ఏడుగురు వ్యక్తులనూ, వాయిద్యాలనూ, ఒక ముహూర్తాన్నీ మోసుకొచ్చిన ఈ చక్రం పటుత్వాన్ని తామందరూ కన్నులారా చూశారు. ఇంతమంది సాక్షుల సమక్షంలో ఇది మంచి యవ్వనంలో ఉందని నిర్ధారిస్తున్నాను. దీని మరణం గురించి చాలాకాలం వరకు ఎటువంటి విన్నపమూ స్వీకరింపబడదు. ఈ సందర్భంగా దీనిని సత్కరించుకోవడం మన ధర్మం."

పళ్ళెంలో శాలువా వచ్చింది. మేళంవారి కోసమని పెళ్ళికూతురు ముచ్చటపడి తెప్పించిన శాలువా అది. ఆకుపచ్చది, జరీ అంచు. దక్షిణామూర్తి వంగి, దాన్ని భక్తిగా ముందు టైరుకి చుట్టాడు. మిగిలిన అక్షింతలు పెద్దయ్యగారు దాని మీద చల్లి, "దీర్ఘాయుష్మాన్ భవ," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టకపోతే భోజనాలు పెట్టరేమోనని కొందరు గట్టిగా కొట్టారు.

ముహూర్తం నిలిచింది, ఇంటి పరువు నిలిచింది, అది చాలుననుకున్నాడు ముసలయ్య. సన్నాయి తుడుచుకుని సంచీలో పెట్టుకోబోయాడు.

వీరలక్ష్మి కారు దిగింది. తిన్నగా టైరు దగ్గరికెళ్ళింది. శాలువా ఊడదీసింది. పందిట్లో నలుగురూ చూస్తుండగా దుమ్ము దులిపి, తీసుకొచ్చి, మొగుడి బుజాల మీద కప్పింది. అంచు సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది.

"అమ్మా! అమ్మా!" దక్షిణామూర్తి గాభరాపడ్డాడు. "అది టైరు పేర మంజూరైన శాలువా. వేరొకరు కప్పుకోరాదు."

"అలాగే బాబూ," అంది వీరలక్ష్మి. "కావాలంటే ఆ టైరునే స్వయంగా వచ్చి తీసుకోమనండి."

దక్షిణామూర్తి పెద్దయ్యగారి వైపు చూశాడు. పెద్దయ్యగారు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఆవిడ మాటలో నిబంధనకి విరుద్ధమైనదేదీ ఆయనకి దొరకలేదు. కనుసైగ చేశాడు. దక్షిణామూర్తి కారు ముందు నిలబడి, కోర్టులో పిలిచినట్టు, ముందు ఎడమ టైరుని ముమ్మారు పిలిచాడు.

పెళ్ళివారంతా మెడలు చాచి చూశారు. టైరు కదల్లేదు.

"గైర్హాజరు," అన్నాడు పూర్ణచంద్రరావు.